కళ్ళు తెరవని నీటి తాబేలు: నిపుణుల వైద్యం కోసం ఎక్కడికి, ఎలా వెళ్ళాలి?

ప్రశ్న: మాది కావలి. మా అబ్బాయి ముచ్చటపడితే ఆరేళ్ళ క్రితం నెల్లూరులో ఒక అక్వేరియం షాపులో నీటి తాబేలు పిల్లను కొన్నాం. కళ్ళ వెనక రెండు పక్కలా ఎర్రటి చార ఉంటుంది. అప్పుడు రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్దది, ఇప్పుడు అరచేయి దాటింది. హాల్లో గాజు తొట్టిలో ఉంచి, షాపువాళ్ళు చెప్పిన గుళికలు, అప్పుడప్పుడు ఎండు రొయ్యలు వేస్తున్నాం. పది రోజులుగా దాని రెండు కళ్ళూ ఉబ్బి మూసుకుపోయాయి. వారం నుంచి ఏమీ తినడం లేదు. మందుల షాపులో అడిగి కంటి చుక్కలు వేశాం, గుణం కనిపించలేదు. పశువుల ఆసుపత్రికి తీసుకువెళితే డాక్టరు గారు చూసి, “తాబేలుకు నేనెప్పుడూ వైద్యం చేయలేదమ్మా, తెలియకుండా మందు వేయలేను” అన్నారు. చెరువులో వదిలేస్తే అదే బతుకుతుందని ఇరుగుపొరుగువారు అంటున్నారు. మూడు వందలు పెట్టి కొన్న ప్రాణికి వేలు ఖర్చు పెడతావా అని మావారు అంటున్నారు. పిల్లవాడు దిగులు పెట్టుకున్నాడు. దీనికి వైద్యం చేసేవారు మనకు దగ్గరలో ఎవరైనా ఉన్నారా? ఉంటే అంత దూరం ఎలా తీసుకువెళ్ళాలి?

— ఒక తల్లి, కావలి

సమాధానం: అమ్మా, మీరు రాసిన గుర్తులను బట్టి అది రెడ్ ఇయర్డ్ స్లైడర్ అనే అమెరికా జాతి నీటి తాబేలు. వైద్యం ఉంది, వైద్యం చేసేవారూ ఉన్నారు. తాబేలు శరీరం నెమ్మదిగా పనిచేస్తుంది కాబట్టి కుక్కకో పిల్లికో వారం రోజులు తిండి లేకపోతే వచ్చేంత ప్రమాదం దీనికి వెంటనే రాదు. డాక్టరును వెతికి, ఫోనులో మాట్లాడి, ఒక పద్ధతి ప్రకారం బయలుదేరడానికి మీకు రెండు మూడు రోజుల వ్యవధి ఉంది. అయితే అది నీటిలో ఒక పక్కకు ఒరిగి తేలుతున్నా, మెడ చాచి నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నా, ముక్కులోంచి బుడగలు వస్తున్నా, పట్టుకుంటే కాళ్ళు తల లోపలికి లాక్కోకుండా వేలాడేస్తున్నా ఆ వ్యవధి లేదని అర్థం. ఆ గుర్తుల్లో ఏ ఒక్కటి కనిపించినా ఊపిరితిత్తులకు జబ్బు పాకిందని అనుమానించి, మర్నాటి కోసం ఆగకుండా ఆ రోజే బయలుదేరండి.

కళ్ళు మూసుకుపోవడం ఇక్కడ కంటి జబ్బుతో మొదలై ఉండకపోవచ్చు. ఏళ్ళ తరబడి ఒకే రకం గుళికలు, ఎండు రొయ్యలు తిని పెరిగిన తాబేళ్ళలో విటమిన్ ఎ లోపం చాలా తరచుగా కనిపిస్తుంది. ఆ విటమిన్ చాలనప్పుడు కంటి చుట్టూ ఉన్న గ్రంథుల లోపలి పొర మందంగా, పొలుసులుగా మారి, స్రావం బయటికి వచ్చే దారిని మూసేస్తుంది. రెప్పలు ఉబ్బుతాయి, వాటి కింద గట్టి పెరుగులాంటి పదార్థం పేరుకుంటుంది. ఈ మార్పు కంటితో ఆగదు, శ్వాసనాళాల్లోనూ చెవిలోనూ ఇదే జరుగుతుంది కాబట్టి కళ్ళు వాచిన తాబేలుకు కొన్నాళ్ళకు న్యుమోనియా రావడం, చెవి దగ్గర ఉండకట్టినట్టు చీము గడ్డ లేవడం మేము చూస్తుంటాం. నీటి తాబేలు తిండిని ఎక్కువగా కంటితో చూసి పట్టుకుంటుంది. మీది తినకపోవడానికి ఒక కారణం దానికి కనిపించకపోవడమే అయి ఉండవచ్చు. మురికి నీటి వల్ల వచ్చిన ఇన్ఫెక్షను కూడా ఇలాగే కనిపిస్తుంది, తరచుగా రెండూ కలిసే ఉంటాయి. ఏది ఎంత ఉందో ఉత్తరం చదివి తేల్చలేం, తాబేలును చేతిలోకి తీసుకుని పరీక్షించిన వారే తేల్చాలి. అసలు కారణం ఒంట్లోనూ తొట్టిలోనూ ఉన్నప్పుడు కంటి చుక్కలతో గుణం కనిపించకపోవడంలో వింత లేదు. ఆ చుక్కల సీసా మీద స్టెరాయిడ్ పేరు ఉంటే ఈ రోజే ఆపేయండి.

మీ ఊరి డాక్టరు గారు చెప్పిన మాట మీకు నిరాశ కలిగించి ఉంటుంది కానీ, ఆయన మీకు చాలా పెద్ద మేలు చేశారని నేను నమ్ముతున్నాను. మన జిల్లాల్లో పశువైద్యుల రోజంతా గేదెలు, గొర్రెలతో గడుస్తుంది. నెల్లూరు గొర్రె, ఒంగోలు గిత్త పుట్టిన నేల ఇది, ఆ వైద్యంలో మనవాళ్ళ హస్తవాసి గొప్పది. కానీ గొర్రెకు ప్రాణం పోసే మందు తాబేలు ప్రాణం తీయవచ్చు. ఐవర్‌మెక్టిన్ అనే మందును నట్టలకు, గజ్జికి, పిడుదులకు గొర్రెల్లో, పశువుల్లో మామూలుగా వాడతాం. అదే మందు తాబేలుకు ఇస్తే నరాలు చచ్చుబడి చనిపోయే ప్రమాదం ఉంది. ఏ జాతి తాబేలుకైనా, ఎంత చిన్న మోతాదులోనైనా దాన్ని ఇవ్వనీయకండి, ఈ ఒక్క పేరు కాగితం మీద రాసి పెట్టుకోండి. విటమిన్ ఎ లోపమే కదా అని ఆ విటమిన్ ఇంజెక్షను అంచనా మీద పొడిపించడం కూడా అంతే ప్రమాదకరం, మోతాదు మించితే కాళ్ళ మీద, మెడ మీద చర్మం ఊడిపోయి పచ్చి పుండు పడుతుంది. తాబేలు వెనుక భాగం నుంచి వచ్చే రక్తంలో కొంత ముందుగా మూత్రపిండాల గుండా పోయే ఏర్పాటు ఉండడం వల్ల సాధారణంగా ఇంజెక్షను ముందు కాలికే ఇస్తారు. ఇలాంటివి తెలియకపోవడం తప్పు కాదు, తెలియదని ఒప్పుకోకపోవడం తప్పు. ఆ డాక్టరు గారు ఒప్పుకున్నారు. ఆయనను వదులుకోవద్దు, ఆయన అవసరం మీకు ముందు ముందు చాలా ఉంది. ఎందుకో తరువాత చెబుతాను.

ఇక ఎక్కడికి వెళ్ళాలి అన్నది. మీకు అందుబాటులో రెండు దారులున్నాయి. ఒకటి తిరుపతిలోని పశువైద్య కళాశాల. 1955లో మొదలైన ఈ కళాశాల ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం, దాని ఆసుపత్రిలో మెడిసిన్, సర్జరీ, ఎక్స్‌రే విభాగాల అధ్యాపకులు కేసులు చూస్తారు. నెల్లూరు నుంచి నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా 130 కిలోమీటర్లకు కాస్త పైన ఉంటుంది. రెండోది చెన్నైలో వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాల. 1903 నాటి సంస్థ, సెంట్రల్ స్టేషనుకు దగ్గర, నెల్లూరు నుంచి జాతీయ రహదారి మీద 170 కిలోమీటర్ల పైచిలుకు. మీరు కావలి నుంచి బయలుదేరుతారు కాబట్టి రెండింటికీ మరో 50 కిలోమీటర్ల పైన కలుపుకోండి. చెన్నై పెద్ద నగరం, అక్కడ పక్షులు, తాబేళ్ళు, కుందేళ్ళు, బల్లి జాతి పెంపుడు జంతువులను చూసే ప్రైవేటు డాక్టర్లు కూడా ఉన్నారు. ఒంగోలు అవతల ఉన్న పాఠకులకైతే గన్నవరంలోని పశువైద్య కళాశాల దగ్గర పడుతుంది. 1962 నెంబరుకు ఫోను చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం ప్రధానంగా పాడి పశువుల కోసం, గొర్రెలు మేకల కోసం ఏర్పాటైంది, దీనికి దాని మీద ఆధారపడవద్దు.

ఎక్కడికైనా ఫోను చేయకుండా మాత్రం వెళ్ళవద్దు. పెద్ద కళాశాల కదా, ఎవరో ఒకరు ఉంటారులే అని బయలుదేరి వెళితే, తాబేళ్ళ గురించి తెలిసిన అధ్యాపకులు ఆ రోజు పరీక్షల పనిలోనో సెలవులోనో ఉంటే, మిమ్మల్ని ఓపీ గదిలో విద్యార్థులు చూసి పంపేస్తారు. ముందు ఆసుపత్రి కార్యాలయానికి ఫోను చేసి, పెంపుడు నీటి తాబేళ్ళ కేసులు ఎవరు చూస్తారు, ఏ రోజుల్లో, ఎన్ని గంటల లోపు రావాలి అని అడగండి. వన్యప్రాణి వైద్యంలో పీజీ చేసినవారు ఉన్నారా అని కూడా అడగండి, మన దగ్గర పాకే జీవుల వైద్యం ఎక్కువగా తెలిసినది వారికే. డాక్టరు గారే ఫోనులోకి వస్తే, ఈ మధ్య కాలంలో తాబేళ్ళకు వైద్యం చేశారా, తాబేలుకు ఎక్స్‌రే తీసే వీలు అక్కడ ఉందా, తరువాత మా ఊరి డాక్టరుతో ఫోనులో మాట్లాడతారా అన్న మూడు ప్రశ్నలు మర్యాదగా అడగండి. మూడో ప్రశ్నకు “సరే” అనేవారు దొరికితే, కాస్త దూరమైనా అక్కడికే వెళ్ళండి. ఎక్స్‌రే గురించి ఎందుకు అడగమంటున్నానంటే, మీది ఆడదైతే మగ తాబేలు లేకుండానే కడుపులో గుడ్లు తయారై, పెట్టడానికి ఇసుక దొరకక తిండి మానేసే అవకాశం కూడా ఉంది. ముందు కాళ్ళ గోళ్ళు బాగా పొడుగ్గా ఉంటే మగది, పొట్టిగా ఉంటే ఆడది అని ఆరేళ్ళ వయసులో చాలావరకు చెప్పవచ్చు.

బోర్డు మీద “ఎక్సోటిక్” (అరుదైన పెంపుడు ప్రాణుల వైద్యం) అని రాసుకున్నవారంతా నిపుణులు కారు. 1984 నాటి పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేసేవారికి పశువైద్య పట్టా, మండలి రిజిస్ట్రేషను ఉండాలి, ఆ నెంబరు అడగడానికి మొహమాటపడవద్దు. నా దృష్టిలో అంతకన్నా మంచి పరీక్ష ఇంకొకటి ఉంది. తాబేళ్ళ వైద్యం తెలిసినవారు తాబేలును చూడగానే మందు రాయరు, ముందు తొట్టి గురించి అడుగుతారు. నీరు ఎంత వెచ్చగా ఉంటుంది, ఎన్నాళ్ళకు మారుస్తారు, ఒళ్ళు ఆరబెట్టుకోవడానికి గట్టు ఉందా, ఏ దీపం పెట్టారు, ఏం తింటుంది అని గుచ్చి గుచ్చి అడుగుతారు. ఆ తరువాత గ్రాములతో సహా తూకం వేస్తారు. ఈ రెండూ లేకుండా సిరంజి చేతిలోకి తీసుకునేవారి దగ్గర, ఎంత పేరున్నవారైనా సరే, “ఇంకొకరి సలహా తీసుకుని వస్తామండీ” అని చెప్పి లేచి వచ్చేయండి.

ఆ ప్రశ్నలకు జవాబులు మీరు ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుంటే అంత దూరం వెళ్ళినందుకు పూర్తి ఫలితం దక్కుతుంది. నీటిలో ధర్మామీటరు పెట్టి రెండు రోజుల పాటు ఉదయం, మధ్యాహ్నం, రాత్రి వేడి ఎంతుందో రాయండి. వంటింటి తూకం మీద గిన్నె బరువు మినహాయించి తాబేలును తూయండి. తొట్టిని నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయండి, ఫిల్టరు, దీపం విడివిడిగా కనిపించేలా. అది ఈదుతున్నప్పుడు ఒక నిమిషం వీడియో తీయండి, ఒరుగుతోందా లేదా అన్నది డాక్టరుకు ఆసుపత్రి బల్ల మీద కనిపించదు, ఆ వీడియోలో కనిపిస్తుంది. గుళికల డబ్బా, మీరు వాడిన కంటి చుక్కల సీసా వెంట తీసుకువెళ్ళండి. తాజా విసర్జన దొరికితే చిన్న డబ్బాలో మూతపెట్టి తీసుకుపోండి. జబ్బు ఏ తేదీన మొదలైంది, ఏ తేదీన ఏం చేశారు అన్నది ఒక పేజీలో, చెన్నై వెళ్ళేటట్టయితే మీ అబ్బాయి చేత ఇంగ్లీషులో రాయించండి. భాష రాక సగం మాటలు మిగిలిపోయే ఇబ్బంది ఉండదు, దిగులు పెట్టుకున్న పిల్లవాడికి చేయడానికి ఒక పని కూడా దొరుకుతుంది.

ప్రయాణంలో తాబేలును నీళ్ళలో పెట్టకండి. నీటి తాబేలు కదా అని బకెట్లో నీళ్ళు పోసి అందులో ఉంచి బస్సు ఎక్కేవారు ఉంటారు. కళ్ళు కనిపించక, నీరసించి ఉన్న తాబేలు కుదుపులకు తలకిందులై ఆ కాసిన్ని నీళ్ళలోనే మునిగి చనిపోగలదు, నీరు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం సరేసరి. గాలి రంధ్రాలున్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో అడుగున తడిపి పిండిన పాత తువ్వాలు పరిచి, దాని మీద తాబేలును ఉంచి మూత బిగించండి. అలా కొన్ని గంటలు హాయిగా ఉండగలదు. మధ్యలో ఒకటి రెండుసార్లు తువ్వాలు మీద నీళ్ళు చిలకరిస్తే చాలు. తెల్లవారుజామునే బయలుదేరండి. మన ఎండలు మీకు చెప్పనక్కర్లేదు. ఆపిన కారులో టీ తాగి వచ్చేంత సేపు కూడా దాన్ని వదలవద్దు, అలాగని ఏసీ గాలి నేరుగా డబ్బాకు తగిలేలా పెట్టవద్దు. తాబేళ్ళు పైకి ఆరోగ్యంగా కనిపించినా వాటి ఒంటి మీద, తొట్టి నీళ్ళలో సాల్మొనెల్లా అనే క్రిమి ఉండే అవకాశం ఉంది. ఈ క్రిమి పిల్లలకు సోకుతున్నందువల్లనే అమెరికాలో 4 అంగుళాల లోపు డిప్ప ఉన్న తాబేలు పిల్లల అమ్మకాన్ని 1975లో నిషేధించారు. డబ్బా ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, టిఫిను క్యారియరు పక్కన డబ్బా పెట్టకూడదు, తొట్టి నీళ్ళు వంటింటి సింకులో పారబోయకూడదు.

బయలుదేరే దాకా ఇంట్లో చేయవలసినవి కొన్ని ఉన్నాయి, ఇవి ఏ డాక్టరైనా చెప్పేవే. తొట్టిలో నీటి లోతు తగ్గించి, అది నిలబడే తల పైకెత్తి ఊపిరి తీసుకోగలిగేలా చేయండి. ఒక రోజు నిలవ ఉంచిన శుభ్రమైన నీటితో రోజూ మార్చండి. నీటి వేడి 26 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. తాబేలు ఒంటి వేడి చుట్టూ ఉన్న నీటిని, గాలిని బట్టి ఉంటుంది కాబట్టి, చల్లటి నీళ్ళలో ఉన్నదానికి ఎంత ఖరీదైన మందు వేసినా సరిగ్గా పనిచేయదు. పూర్తిగా బయటికి వచ్చి ఆరడానికి ఒక ఇటుకనో చదునైన రాయినో ఏటవాలుగా అమర్చండి. ఉదయం లేత ఎండలో ఒక పావుగంట, సగం నీడ ఉన్న బేసిన్‌లో, మీరు పక్కనే ఉండి కూర్చోబెట్టండి, లేకపోతే కాకులు ఊరుకోవు. ఎండ నేరుగా తగలాలి. డిప్పకు, ఎముకలకు కాల్షియం పట్టడానికి అవసరమైన యూవీబీ కిరణాలను కిటికీ అద్దం, తొట్టి అద్దం ఆపేస్తాయి. హాల్లో కిటికీ పక్కన ఉంది కాబట్టి ఎండ తగులుతోందనుకోవడం ఆరేళ్ళుగా మీ ఇంట్లో కూడా జరిగి ఉండవచ్చు, డాక్టరు గారికి ఈ విషయం తప్పకుండా చెప్పండి. రెప్పలను మాత్రం వేళ్ళతో విడదీయకండి, దూదితో గీకకండి, ఆకలితో ఉందని నోట్లోకి ఏదీ బలవంతంగా పోయకండి.

కళ్ళు తెరుచుకుని తిండి మొదలుపెట్టాక ఆ పాత తిండికి తిరిగి వెళ్ళకూడదు. పెరిగిన స్లైడర్ తాబేలు సగానికి పైగా ఆకులు, కూరగాయలే తింటుంది, తినాలి. క్యారెట్టు తురుము, గుమ్మడి, చిలగడదుంప, మునగాకు వంటివి విటమిన్ ఎ గా మారే పదార్థం ఉన్నవి, మన ఇళ్ళలో ఉండేవే. పాలకూర, తోటకూర కాల్షియాన్ని ఒంటికి పట్టనీయవు కాబట్టి ఎప్పుడైనా కొంచెం తప్ప రోజూ వద్దు. బజారులో దొరికే ఉప్పు పట్టించిన ఎండు రొయ్యలు మానేయండి. మన తీరంలో చేతికందే రొయ్యల చెరువు మేత కూడా వద్దు, అది రొయ్య పెరగడానికి తయారైనది.

చెరువులో వదిలేయమన్న సలహాను మాత్రం దయచేసి మరిచిపోండి. కళ్ళు కనిపించని తాబేలు చెరువులో తిండి వెతుక్కోలేక రోజుల తరబడి మాడి చస్తుంది. ఒకవేళ బతికి బట్టకడితే, నష్టం మన చెరువుకు. ప్రపంచంలోని 100 అత్యంత హానికర ఆక్రమణ జాతుల జాబితాలో ఈ ఎర్రచార తాబేలు ఉంది. మన దేశవాళీ తాబేళ్ళ తిండినీ, అవి ఎండకాచుకునే గట్లనూ ఇది ఆక్రమిస్తుంది, వాటికి లేని జబ్బులు అంటిస్తుంది. ఈ ఉత్తరం చదివే ఇతర పాఠకులకు ఇక్కడే ఒక మాట. పొలాల్లో, కాలువల్లో దొరికిన మెత్తటి అడుగుడిప్ప తాబేలు గానీ, డిప్ప మీద నక్షత్రాల గుర్తులున్న నేల తాబేలు గానీ మీ ఇంట్లో ఉంటే, అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం 2022 సవరణ తరువాత, అన్నిటికన్నా ఎక్కువ రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని పెంచుకోవడం జైలు శిక్ష పడే నేరం, అదృష్టం కలిసివస్తుందన్న నమ్మకం కోర్టులో నిలవదు. అలాంటివాటికి జబ్బు చేస్తే అటవీ శాఖ వారికి చెప్పి అప్పగించడమే వైద్యానికి దారి.

మీవారి మాటను కూడా తేలికగా తీసుకోను. ఇంట్లో ఖర్చులు చూసుకునేవారికి ఆ ప్రశ్న రావడం సహజం. ఆయనకు రెండు విషయాలు చెప్పండి. ప్రభుత్వ కళాశాల ఆసుపత్రుల్లో పరీక్ష రుసుము సాధారణంగా తక్కువే ఉంటుంది, ఈ వ్యవహారంలో పెద్ద ఖర్చు దారి ఖర్చు, ఆ తరువాత తొట్టి మీద పెట్టే యూవీబీ కిరణాల దీపం. రెండోది, సరిగ్గా చూసుకుంటే ఈ తాబేలు 20, 30 ఏళ్ళు బతుకుతుంది. కొన్నప్పుడు షాపువాళ్ళు మీకు ఈ మాట చెప్పి ఉండరు, చెప్పి ఉండవలసింది. పిల్లవాడు ప్రేమగా పెంచిన ప్రాణి విలువను దాని కొనుగోలు ధరతో లెక్కించలేమని మీ ఇద్దరికీ తెలుసు. అయినా ఎంతవరకు ఖర్చు పెట్టగలమన్నది బయలుదేరక ముందే మీరిద్దరూ కూర్చుని ఒక మాట అనుకుని, ఆ హద్దు డాక్టరు గారికి మొదటే చెప్పండి. మంచి డాక్టరు దానికి చిన్నబుచ్చుకోరు, ఆ హద్దులో ఏది ముందు చేయాలో చెబుతారు. జబ్బు బాగా ముదిరి, బతికే ఆశ లేదని ఆయన తేల్చితే, బాధ లేకుండా ఇంజెక్షనుతో ప్రాణం విడిపించమని అడగడం క్రూరత్వం కాదు. ఆ నిర్ణయం పిల్లవాడికి దాచకుండా చెప్పండి. ఇంత చేశాక కూడా పోషించడం తలకు మించిన పని అనిపిస్తే, తాబేళ్ళను తెలిసి పెంచేవారికి ఇవ్వడానికి ఆ ఆసుపత్రివారినే సాయం అడగండి.

ఇప్పుడు మీ ఊరి డాక్టరు గారి సంగతి. తాబేలు వైద్యం ఒక పూటతో అయ్యేది కాదు. యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు అవసరమైతే రెండు మూడు రోజులకొకటి చొప్పున కొన్ని వారాలు ఇవ్వవలసి రావచ్చు, విటమిన్ ఇస్తే వారానికో రెండు వారాలకో ఒకసారి. ప్రతిసారీ తిరుపతికో చెన్నైకో తిరగడం ఎవరి తరమూ కాదు, అంత ప్రయాణం తాబేలుకూ మంచిది కాదు. చాలా కుటుంబాలు ఇక్కడే ఓడిపోతాయి. పెద్ద ఆసుపత్రికి ఎంతో శ్రమపడి వెళ్ళి, మొదటి ఇంజెక్షను చేయించుకుని, మిగతా కోర్సు చేసేవారు లేక మానేస్తారు. కాబట్టి బయలుదేరే ముందే మీ డాక్టరు గారిని మళ్ళీ కలవండి. “మీరు చెప్పినట్టే తెలిసినవారి దగ్గరికి తీసుకువెళుతున్నాం సార్, వారు రాసిన మందు, వారు చెప్పిన మోతాదులో మీరు వేసిపెడతారా?” అని అడగండి. తెలియని మందు వేయనన్న మనిషి, తెలిసినవారు రాసి ఇచ్చిన మందు వేయడానికి ఒప్పుకుంటారనే నా నమ్మకం. వీలైతే కేసు వివరాలతో ఒక చిన్న పరిచయ ఉత్తరం కూడా రాయించుకోండి, అటువైపు డాక్టరుకు ఇటువైపు ఒక డాక్టరు ఉన్నారని తెలిస్తే మాట్లాడే తీరు మారుతుంది.

తిరుగు ప్రయాణానికి ముందు చీటీలో మందు పేరు, ఎన్ని మిల్లీలీటర్లు, ఏ కాలికి, ఏ ఏ తేదీల్లో అన్నది స్పష్టంగా రాయించుకోండి. మందును పలచన చేయవలసి ఉంటే దేనితో, ఎంత కలపాలో కూడా రాయమనండి, అరకిలో బరువున్న ప్రాణికి మోతాదు చుక్కల్లో ఉంటుంది. మన మందుల షాపుల్లో దొరకని మందైతే కోర్సుకు సరిపడా అక్కడే కొని తెచ్చుకోండి. ఇంటికి వచ్చాక ప్రతి ఆదివారం ఒకే తూకం మీద బరువు చూసి రాసుకోండి. రెప్పల వాపు తగ్గడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టవచ్చు, పది రోజుల్లో కళ్ళు తెరవలేదని మందు మార్చవద్దు, తెరిచిందని మధ్యలో ఆపవద్దు. రెండు వారాలు వరుసగా బరువు తగ్గితే మాత్రం తరువాతి తేదీ దాకా ఆగకుండా ఆ కాగితం దగ్గర పెట్టుకుని డాక్టరు గారికి ఫోను చేయండి.